ఒహాయో స్టేట్ ఆఫెన్స్ గొడవ: తరచుగా అడిగే ప్రశ్నలు

2024 నవంబర్ 30న అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో, మా కొలంబస్ జట్టు ఒహాయో స్టేట్ యూనివర్సిటీ మీద, సొంత ఒహాయో స్టేడియంలోనే చిరకాల ప్రత్యర్థి మిషిగన్ 13-10తో గెలిచినప్పుడు మా హాల్లో టీవీ ముందు ఎనిమిది మందిమి ఉన్నాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత మొదలైన వాదన మాత్రం ఇప్పటికీ తెగలేదు. ప్లే కాలింగ్ తప్పా, లేక ఆ రోజున్న ఆటగాళ్లతో (పర్సనెల్‌తో) అంతకంటే కుదరదా? సరిగ్గా 51 రోజుల తర్వాత, ఓడిన ఆ ఒహాయో స్టేటే జాతీయ ఛాంపియన్ అయింది. అయినా కొలంబస్‌లో నలుగురు తెలుగువాళ్లు కలిసి భోజనానికి కూర్చుంటే ఆ మ్యాచ్ మాట రాకుండా పోదు. చదువుకోవడానికి కొత్తగా వచ్చిన పిల్లలు, ఊరి పక్కనున్న డబ్లిన్ వైపు స్థిరపడిన కుటుంబాల వాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

ప్లే కాలింగ్ అంటే ఏమిటి? ఓడిన ప్రతిసారీ అందరూ దాన్నే ఎందుకు తిడతారు?

ఈ ఆటలో బంతి కదిలే ముందే పదకొండు మందికీ పని పంచేస్తారు. ఎవరు ఎటు పరుగెత్తాలి, ఎవరు ఎవరిని అడ్డుకోవాలి, బంతి ఎవరి చేతికి వెళ్లాలి అన్నదంతా ముందే రాసిపెట్టి, వారమంతా సాధన చేసిన పథకం. దాన్నే ప్లే అంటారు. నాలుగు ప్రయత్నాల్లో (ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు) 10 యార్డులు దాటితే బంతి మనదే, దాటకపోతే అవతలి జట్టుది. ఒక మ్యాచ్‌లో ఆఫెన్స్‌కి, అంటే బంతి చేతిలో ఉన్న పక్షానికి, సుమారు 60, 70 ప్లేలు వస్తాయి. ఏ సమయంలో ఏది ఆడాలో ఎంచుకోవడమే ప్లే కాలింగ్. 2024 నుంచి కాలేజీ ఫుట్‌బాల్ పెద్ద డివిజన్‌లో కూడా బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో స్పీకర్‌కి అనుమతి వచ్చింది. కోచ్ మాట నేరుగా అతని చెవిలో పడుతుంది. ప్లే క్లాక్‌లో (ప్లే మొదలుపెట్టడానికి ఇచ్చే గడువులో) 15 సెకన్లు మిగిలినప్పుడు అది ఆగిపోతుంది.

క్రికెట్‌లో బౌలర్ పరుగు మొదలుపెట్టాక ఏ షాట్ ఆడాలో బ్యాట్స్‌మన్ ఇష్టం. ఇక్కడ ప్రతి బంతికీ ఒక పెద్దాయన నిర్ణయం ఉంటుంది. అందుకే ఓడిపోగానే వేలు ముందు ఆయన వైపే చూపిస్తాం.

పర్సనెల్ అంటే ఆటగాళ్ల పేర్లేనా?

రెండు అర్థాల్లో వాడతారు. అసలు గందరగోళం సగం ఇక్కడే మొదలవుతుంది. మొదటిది జట్టులో ఎవరెవరున్నారు, ఎవరు ఆరోగ్యంగా ఉన్నారు అన్నది. రెండోది ఒక ప్లేకి మైదానంలోకి ఎలాంటి వాళ్లను పంపారన్నది. "11 పర్సనెల్" అంటే ఒక రన్నింగ్ బ్యాక్ (బంతితో పరుగెత్తేవాడు), ఒక టైట్ ఎండ్ (అడ్డుకోవడం, బంతి పట్టడం రెండూ చేసేవాడు), ముగ్గురు రిసీవర్లు (విసిరిన బంతి పట్టేవాళ్లు). "12" అంటే ఒక రన్నింగ్ బ్యాక్, ఇద్దరు టైట్ ఎండ్‌లు, ఇద్దరు రిసీవర్లు. మొదటి అంకె రన్నింగ్ బ్యాక్‌లది, రెండోది టైట్ ఎండ్‌లది. మన పంపకం చూసి అవతలి డిఫెన్స్ తన మనుషుల్ని మార్చుకుంటుంది. బరువైన వాళ్లను దించితే వాళ్లూ బరువైన వాళ్లనే దించుతారు.

2024లో ప్లేలు కాల్ చేసింది రయన్ డేనా, చిప్ కెల్లీనా?

కెల్లీ. 2019 నుంచి హెడ్ కోచ్‌గా ఉన్న డే చాలాకాలం తనే కాల్ చేసేవాడు. ఆ ఏడాది ఆ పని ఇంకొకరికి అప్పగించాలని నిర్ణయించుకున్నాడు. ముందు బిల్ ఓబ్రయన్‌ను తీసుకున్నాడు. కొద్ది వారాలకే ఆయన బోస్టన్ కాలేజీ హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. అప్పుడు కెల్లీ, యూసీఎల్‌ఏలో హెడ్ కోచ్ పదవి వదులుకుని, ఆఫెన్స్ నడిపే కోఆర్డినేటర్‌గా కొలంబస్ వచ్చాడు. పెద్ద కుర్చీ దిగి చిన్న కుర్చీలో కూర్చోవడం ఆ రంగంలో అరుదు.

వీళ్లిద్దరి మధ్య బంధం పాతది. ఇద్దరిదీ న్యూ హాంప్‌షైర్‌లోని మాంచెస్టర్. డే న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడినప్పుడు కోచింగ్ ఇచ్చింది కెల్లీనే. తర్వాత ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో రెండు జట్లలో కెల్లీ కింద డే పనిచేశాడు. అంటే 2024లో గురువు శిష్యుడి దగ్గర ఉద్యోగంలో చేరాడన్నమాట. "మిషిగన్ మ్యాచ్‌లో ప్లేలు ఎవరివి?" అని అడిగేవాళ్లకు నా జవాబు ఇది: కాల్ కెల్లీది, కానీ ఆ రోజు జట్టు ఎలా ఆడాలన్న పట్టుదల ఇద్దరిదీ. ఓటమి భారం హెడ్ కోచ్ మీదే ఉంటుంది, ఉండాలి కూడా.

అంతమంది స్టార్లు ఉండగా ఆటగాళ్ల లోటు అన్న మాట ఎందుకు వచ్చింది?

ఎందుకంటే స్టార్లందరూ బంతి పట్టుకునేవాళ్లే. లోటు వచ్చింది వాళ్లకు దారి చేసేవాళ్లలో.

పైపైన చూస్తే ఆ జట్టు నిజంగానే నిండుకుండ. రిసీవర్లుగా ఎమెకా ఎగ్‌బుకా, కార్నెల్ టేట్, ఇంకా మొదటి సంవత్సరం కుర్రాడు జెరమయా స్మిత్. ఆ కుర్రాడు ఆ సీజన్‌లో 1,315 యార్డులు, 15 టచ్‌డౌన్లు (బంతిని అవతలి గోల్ గీత దాటించడం) సాధించాడు. రన్నింగ్ బ్యాక్‌లుగా ట్రెవియన్ హెండర్సన్, ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) నుంచి వచ్చిన క్విన్‌షాన్ జడ్కిన్స్. సీజన్ ముగిసేసరికి ఇద్దరూ 1,000 యార్డులు దాటారు. క్వార్టర్‌బ్యాక్ విల్ హోవార్డ్ కాన్సస్ స్టేట్ నుంచి వచ్చాడు. జట్టు మొత్తానికి ఆటగాళ్ల ఒప్పందాలకు సుమారు 2 కోట్ల డాలర్లు అయ్యాయని యూనివర్సిటీ క్రీడల అధిపతే బయటికి చెప్పాడు. అంత డబ్బు పోసిన జట్టు 13-10తో ఓడితే ఎవరికైనా మండుతుంది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. అక్టోబర్ 12న ఓరెగాన్‌లో 32-31తో ఓడిన మ్యాచ్‌లో లెఫ్ట్ టాకిల్, అంటే క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి కాచే ఐదుగురి లైన్‌లో ఎడమ చివరివాడు, జోష్ సిమ్మన్స్ మోకాలికి గాయమైంది. అతని సీజన్ అక్కడితో సరి. క్వార్టర్‌బ్యాక్ వీపు వైపు నుంచి వచ్చేవాణ్ణి ఆపేది అతనే. తర్వాతి మ్యాచ్‌లో నెబ్రాస్కా మీద 21-17తో గట్టెక్కారు కానీ, పరుగు ఆట (బంతి విసరకుండా పట్టుకుని పరుగెత్తడం) అసలు నడవలేదు. దాంతో పక్క చోటైన లెఫ్ట్ గార్డ్‌లో ఆడే డోనొవన్ జాక్సన్‌ను టాకిల్‌కి మార్చారు. అది కాస్త కుదురుకుంటుండగానే, నవంబర్‌లో ఇండియానా మ్యాచ్ వారంలో లైన్ మధ్యలో ఉండి క్వార్టర్‌బ్యాక్‌కి బంతి అందించే సెంటర్ సేత్ మెక్‌లాఫ్లిన్ సాధనలో మడమ వెనక స్నాయువు తెగి పడిపోయాడు. దేశంలో ఉత్తమ సెంటర్‌కి ఇచ్చే రిమింగ్టన్ ట్రోఫీ ఆ ఏడాది అతనికే వచ్చింది, అంత మంచి ఆటగాడు. అతని చోటికి కార్సన్ హిన్జ్‌మన్ వచ్చాడు.

ఐదుగురి లైన్ అంటే చేతికి ఐదు వేళ్లలాంటిది. రెండు వేళ్లు పోతే మిగతా మూడూ ఇదివరకటిలా పట్టుకోలేవు. మిషిగన్ మ్యాచ్ రోజు ఒహాయో స్టేట్ లైన్ పరిస్థితి అది.

అయితే తప్పు ఆటగాళ్ల లోటుదే కదా, కోచ్‌ని ఎందుకు అనాలి?

లోటు ఉందని అందరికంటే ముందు తెలిసింది కోచ్‌కే కాబట్టి.

ఆ రోజు ఎదుటి పక్షం ఎలా ఉందో చూడండి. మిషిగన్ 6 గెలుపులు, 5 ఓటములతో వచ్చింది. దాని ఆఫెన్స్ బలహీనం, కానీ డిఫెన్స్ మధ్యలో మేసన్ గ్రాహం, కెన్నెత్ గ్రాంట్ అనే ఇద్దరు కొండలున్నారు. తర్వాతి ఏప్రిల్‌లో ఇద్దరినీ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు ఆటగాళ్ల ఎంపిక మొదటి రౌండ్‌లోనే తీసుకున్నాయి, గ్రాహం అయితే అయిదో ఎంపిక. అదే సమయంలో మిషిగన్‌కి రిసీవర్లను కాచే ఉత్తమ ఆటగాడు విల్ జాన్సన్ గాయంతో ఆడలేదు. అంటే వాళ్ల కోటకి నడిమి గోడ గట్టిది, పక్క తలుపు తెరిచి ఉంది. మనకేమో మధ్యలో కొత్త సెంటర్, పక్కల దేశంలోకెల్లా మంచి రిసీవర్లు.

ఒహాయో స్టేట్ మాత్రం మళ్లీ మళ్లీ నడిమి గోడకే తల కొట్టుకుంది. ఆ రోజు 26 సార్లు పరుగెత్తితే వచ్చినవి 77 యార్డులు. జడ్కిన్స్ 12 సార్లకు 46, హెండర్సన్ 10 సార్లకు 21. మొదటి డౌన్‌లో మధ్యలోకి పరుగు, రెండు యార్డులు. రెండో డౌన్‌లో మళ్లీ అదే. మూడో డౌన్‌కి పాస్ తప్ప దారి లేదని స్టేడియంలో ఉన్న లక్షమందికీ తెలుసు, మిషిగన్‌కీ తెలుసు. స్మిత్‌కి ఐదు క్యాచ్‌లు, 35 యార్డులు. చంకలో పిల్లాడిని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అన్న సామెత ఆ మధ్యాహ్నం నాకు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో.

సగం ఆట అయ్యేసరికి 10-10. రెండో సగంలో ఒహాయో స్టేట్‌కి ఒక్క పాయింటూ లేదు. మ్యాచ్‌లో దాని రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నడం) తప్పాయి, అదీ నిజమే. చివరికి 45 సెకన్లు ఉండగా డొమినిక్ జ్వాడా 21 యార్డుల నుంచి కొట్టిన ఫీల్డ్ గోల్‌తో మిషిగన్ గెలిచింది. ఒహాయో స్టేట్ 20 పాయింట్ల తేడాతో గెలుస్తుందనుకున్న మ్యాచ్ అది. మిషిగన్ చేతిలో అది వరుసగా నాలుగో ఓటమి.

గాయాల వల్ల పరుగు ఆట బలహీనపడింది, నిజం. కానీ బలహీనమైనదాన్నే నమ్ముకోవడం ప్లే కాలింగ్. ఈ రెండింటినీ విడదీసి ఒకదాని మీదే నెపం వేస్తే ఆ మ్యాచ్ అర్థం కాదు.

అంత అనుభవమున్న కోచ్‌లు అలా ఎందుకు చేశారు?

నాకు తోచిన కారణం పెన్ స్టేట్ మ్యాచ్.

నవంబర్ 2న పెన్ స్టేట్ గడ్డ మీద ఒహాయో స్టేట్ 20-13తో గెలిచింది. చివర్లో గోల్ గీత దగ్గర డిఫెన్స్ నిలబడింది. ఇంకా 5 నిమిషాల 13 సెకన్లు మిగిలి ఉన్నాయి. బంతి తీసుకున్న ఆఫెన్స్ మళ్లీ దాన్ని పెన్ స్టేట్‌కి ఇవ్వనే లేదు. పరుగు మీద పరుగు. రాబోయేది పరుగేనని అందరికీ తెలిసీ ఆపలేకపోయారు. జాక్సన్ మొదటి నుంచీ లెఫ్ట్ టాకిల్‌గా దిగిన తొలి మ్యాచ్ అది. ఆ రోజు మా ఇంట్లో చప్పట్లు కొట్టని వాళ్లు లేరు. ప్లే కాలింగ్ అంటే ఇదీ అని నేనే అన్నాను.

కానీ ఆ రోజు మధ్యలో మెక్‌లాఫ్లిన్ ఉన్నాడు. నాలుగు వారాల తర్వాత లేడు. ప్లే అదే, మనిషి మారాడు.

దీనికి తోడు మిషిగన్ భారం ఒకటి. 2021 నుంచి ఓడుతున్న ప్రతిసారీ డే జట్టు మెత్తగా ఉంటుంది, కొట్లాటలో నిలవదు అన్న మాట పడింది. ఆ మాట తప్పని పరుగు ఆటతోనే రుజువు చేయాలనుకున్నారని నా నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్న పట్టుదల అది. మిషిగన్ వారంలో క్యాంపస్ బోర్డుల మీద ఎమ్ అక్షరం కనపడకుండా ఎర్ర టేపుతో కొట్టేసే ఊరు ఇది. ఆ టెన్షన్ కోచ్‌ల గదిలోకి రాకుండా ఉంటుందా?

విల్ హోవార్డ్ తప్పు లేదా?

ఉంది. రెండు ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి అవతలివాళ్లకు చిక్కడం) అతనివే. ఒకటి సొంత గోల్ గీత దగ్గర్లో విసిరి మిషిగన్‌కి టచ్‌డౌన్ అప్పజెప్పినట్టయింది. రెండోది పాయింట్లు రావాల్సిన చోట పోయింది. కానీ ఎప్పుడూ మూడో డౌన్‌లో, ఎప్పుడూ ఏడెనిమిది యార్డులు కావాల్సి వచ్చినప్పుడు మాత్రమే విసరమంటే ఏ క్వార్టర్‌బ్యాక్‌కైనా కష్టమే. అదే హోవార్డ్‌కి మొదటి డౌన్‌లో స్వేచ్ఛ ఇస్తే ఏమైందో కింద చెబుతాను.

ప్లేఆఫ్‌లో ఏం మారింది?

జాతీయ ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్ 12 జట్లతో మొదటిసారి జరిగిన ఏడాది కాబట్టి ఓడినా తలుపు మూసుకుపోలేదు. డిసెంబర్ 21న టెనెసీ కొలంబస్ వచ్చింది. గడ్డకట్టే చలి, స్టేడియంలో ఎక్కడ చూసినా నారింజ రంగు చొక్కాలు. అభిమానులు సగం మంది అనుమానంతోనే వెళ్లారు.

బంతి మొదటిసారి చేతికొచ్చినప్పుడే స్మిత్‌కి 37 యార్డుల టచ్‌డౌన్ పాస్. మొదటి క్వార్టర్ అయ్యేసరికి 21-0. చివరికి 42-17. హోవార్డ్ 29లో 24 పాస్‌లు అందించి 311 యార్డులు సాధించాడు. లైన్‌లో ఉన్నది మిషిగన్ మ్యాచ్‌లో ఉన్న ఆటగాళ్లే. కొత్తగా ఎవరూ రాలేదు, కోలుకుని తిరిగొచ్చిన స్టార్ లేడు. మారింది వరుస. ముందు పాస్, ముందు పక్కలకు, డిఫెన్స్ వెనక్కి తగ్గాక పరుగు. లైన్ ఎక్కువసేపు కాపాడాల్సిన అవసరం లేకుండా బంతి త్వరగా చేయి దాటిపోయేది.

జనవరి 1న రోజ్ బౌల్‌లో, అక్టోబర్‌లో తమను ఓడించిన ఓరెగాన్ మీద ఒకదశలో 34-0. స్మిత్ ఒక్కడే 187 యార్డులు. హెండర్సన్ 66 యార్డుల పరుగు కూడా ఆ మ్యాచ్‌లోదే. దారి ముందు పాస్‌లతో తెరుచుకున్నాక అదే లైన్ వెనక పరుగులు కూడా వచ్చాయని గమనించండి. 41-21.

అన్నీ నల్లేరు మీద నడకలు కావు. జనవరి 10న కాటన్ బౌల్‌లో టెక్సస్ స్మిత్‌ని కట్టేసింది. మ్యాచ్ మొత్తంలో అతనికి ఒకే క్యాచ్, 3 యార్డులు. నాకు కెల్లీ మీద గౌరవం పెరిగింది ఈ మ్యాచ్‌లోనే. సగం ఆట ముగియబోతుండగా టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరికి వస్తుంటే, ఆ ఉరుకు వెనకాలే హెండర్సన్‌కి చిన్న స్క్రీన్ పాస్. 75 యార్డులు, టచ్‌డౌన్. అవతలివాళ్ల దూకుడునే వాళ్ల మీదికి తిప్పాడు. చివర్లో మన డిఫెన్స్ ఆటగాడు జాక్ సాయర్ బంతి లాక్కుని 83 యార్డులు పరుగెత్తిన దృశ్యమే అందరికీ గుర్తుంటుంది. నాకు మాత్రం ఆ స్క్రీన్.

ఫైనల్ జనవరి 20న అట్లాంటాలో, నోటర్‌డామ్ మీద 34-23. హోవార్డ్ మొదటి 13 పాస్‌లూ గురి తప్పలేదు. 31-7 ఉన్న ఆట 31-23 దాకా వచ్చింది. మూడో డౌన్, 11 యార్డులు కావాలి. పరుగుతో గడియారం కరిగించి బంతి అవతలికి తన్నేయడం చాలామంది ఎంచుకునే దారి. వాళ్లు స్మిత్‌కి లోతుగా విసిరారు. 56 యార్డులు. మిషిగన్ రోజు అడగని ప్రశ్నకు జవాబు అక్కడ దొరికింది నాకు.

గెలిచారు కదా, ఇంకా ఆ ఓటమి గురించి ఎందుకు?

ట్రోఫీ వచ్చినా మిషిగన్ ఓటమి చెరిగిపోదు కాబట్టి. ఈ ఊళ్లో అవి రెండు వేరు ఖాతాలు.

కెల్లీ వెళ్లాక ఏమైంది?

ఫైనల్ తర్వాత కెల్లీ లాస్ వెగాస్ రైడర్స్‌కి వెళ్లాడు. రిసీవర్ల కోచ్ బ్రయన్ హార్ట్‌లైన్ 2025లో కోఆర్డినేటర్‌గా ప్లేలు కాల్ చేశాడు, క్వార్టర్‌బ్యాక్ జూలియన్ సేయిన్. ఆ ఏడాది నవంబర్ 29న ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ మీద 27-9తో గెలిచి నాలుగేళ్ల గుబులు తీర్చారు. సరిగ్గా వారానికి బిగ్ టెన్ (ఒహాయో స్టేట్ ఆడే కాన్ఫరెన్స్) ఫైనల్‌లో ఇండియానా చేతిలో ఓడారు. స్కోరు మళ్లీ 13-10. గోల్ గీత దగ్గరదాకా వెళ్లి ఖాళీ చేతులతో తిరిగి రావడం మళ్లీ చూశాం. హార్ట్‌లైన్ సౌత్ ఫ్లోరిడా హెడ్ కోచ్‌గా ఒప్పుకోవడంతో, మయామితో కాటన్ బౌల్‌కి ప్లేలు డేనే కాల్ చేశాడు. అదీ 24-14తో పోయింది. "కెల్లీ ఉంటేనా" అనేవాళ్లకు ఒకటే గుర్తు చేస్తాను. 2024 మిషిగన్ మ్యాచ్ కూడా కెల్లీదే.

మ్యాచ్ చూస్తూ తప్పు కోచ్‌దా, ఆటగాడిదా ఎలా చెప్పాలి?

బంతిని చూడటం మానండి. చాలా కష్టం, నాకు రెండు సీజన్లు పట్టింది. బంతి కదిలిన మొదటి రెండు సెకన్లు మధ్యలో ఉన్న ఐదుగురినే చూడండి. వాళ్లు వెనక్కి నెట్టుకుపోతుంటే ఎంత గొప్ప ప్లే అయినా చచ్చిపోతుంది. అది ఆటగాళ్ల లోటు. ఆ లోటు మూడోసారి కనిపించాక కూడా అదే చోటికి పరుగు పంపితే, అది కోచ్ తప్పు. లైన్ బాగా నిలబడి, రిసీవర్ ఖాళీగా దొరికి, పాస్ పక్కకి పోతే క్వార్టర్‌బ్యాక్‌ది.

ఇంకొకటి. ఫలించని ప్రతి ప్లే చెడ్డ ప్లే కాదు. ఖాళీగా ఉన్న రిసీవర్ చేతుల్లోంచి బంతి జారితే కోచ్‌ని తిట్టడం అన్యాయం. ఆటగాణ్ణి తిట్టేటప్పుడు కూడా, అతను ఇరవై ఏళ్ల విద్యార్థి అని, సోమవారం మన పిల్లల పక్కనే క్లాసులో కూర్చుంటాడని గుర్తుంచుకోవాలి. మా ఇంట్లో ఆటగాళ్ల మీద బూతులకు అనుమతి లేదు.

కొత్తగా వచ్చాం. ఈ గొడవ అర్థం కావాలంటే ఏం చూడాలి?

మూడు ముక్కలు, ఈ వరుసలో. ముందు పెన్ స్టేట్ మ్యాచ్ ఆఖరి ఐదు నిమిషాలు. తర్వాత మిషిగన్ మ్యాచ్ రెండో సగం, మొత్తం, ఓపిగ్గా. రెండు చోట్లా మధ్యలో బంతి అందించే మనిషిని గుర్తుపట్టండి. ఆ తర్వాత టెనెసీ మ్యాచ్ మొదటి క్వార్టర్ పెట్టండి. మిషిగన్ మ్యాచ్‌కి ఒకటి, దీనికి ఒకటి, మొదటి డౌన్‌లో ఏం చేస్తున్నారో వేరు వేరు కాగితాల మీద రాసుకుంటూ చూడండి. పరుగు అయితే ఒక గీత, పాస్ అయితే ఒక చుక్క. మిషిగన్ కాగితాన్ని పక్కనే పెట్టుకోండి.